ముందే మోగిన గంట

ఒకే ఒక్క మాట. "మోగదు" అన్నాను. ఆ మాట బరువును అప్పటి నుంచి మోస్తూనే ఉన్నాను.

అంతకు ముందూ ఆ తర్వాతా నేను అబద్ధాలు ఆడలేదని కాదు. పెళ్లిచూపుల్లో సంపాదన కొంచెం పెంచి చెప్పాను. పన్లు చెప్పే గిరాకీలకు "దారిలో ఉన్నా" అని మంచంలో నుంచే చెప్పిన రోజులు లెక్కలేనన్ని. అవేవీ పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే వచ్చి పక్కన నిలబడవు. ఇది నిలబడుతుంది. నా పేరు చెప్పను. చక్కెర ఫ్యాక్టరీ పేరు కూడా చెప్పను. పేర్లు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఎందుకు ఆగుతాను? మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది బోధన్ వైపు ఊరు. బాపు చెరుకు పెడతాడు. శనివారం భజనలో ఢోలక్ వాయిస్తాడు. నేను ఇంజినీరింగ్ చదివి, నిజామాబాద్‌లో ఒక మేడ మీద గది తీసుకుని కంప్యూటర్ల పని పెట్టుకున్నాను. కంప్యూటర్‌లో పైనున్న ప్రోగ్రాములకూ కింద ఉన్న డిస్కుకూ మధ్య ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. పైవాళ్లు రాయమన్నది డిస్కుకు చేర్చి, "అయింది" అని తిరిగి చెప్పడం దాని పని. దాన్ని డ్రైవర్ అంటారు. అలాంటివి రాయగలిగినవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే అనుకునేవాణ్ని ఆ రోజుల్లో. రోగం అక్కడే మొదలైంది.

మా చెరుకు వెళ్లే ఫ్యాక్టరీలో గేటు పక్కన కాంటా ఉంది. ట్రాలీ కాంటా మీదికి ఎక్కుతుంది. గదిలో ఉన్న మనిషి మీట నొక్కుతాడు. తూకం కంప్యూటర్‌లోని డిస్కు మీద పడుతుంది. పడ్డాక గోడకున్న గంట మోగుతుంది. అప్పుడు బండి దిగి, చెరుకు దింపడానికి లోపలికి పోతుంది. ఖాళీ అయ్యాక మళ్లీ వచ్చి ఖాళీ తూకం వేయించుకుంటేనే రైతు చేతికి చీటీ వస్తుంది. అంటే మధ్యలో అంతసేపూ రైతు దగ్గర ఆధారం ఏమీ ఉండదు. గంట మోగిందన్న నమ్మకం ఒక్కటే ఉంటుంది.

ఆ గదిలో మీట నొక్కే మనిషి ఖలీల్ చాచా. బాపు ఈడువాడు. వాళ్లది బోధన్‌లో పాత ఇల్లు, ఢోలక్‌లు చేసే కుటుంబం. సీజన్లో కాంటా పని, మిగతా రోజుల్లో ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తాళ్లు బిగించి సుతి కలిపే పని. మాక్లూర్ నుంచి, అటు ధర్పల్లి నుంచి కూడా భజన వాళ్లు ఢోలక్‌లు సంచుల్లో వేసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మనిషి చెవి అలాంటిది. వరుసలో వెనక వస్తున్న ట్రాక్టర్ ఇంజను చప్పుడు విని, తల తిప్పకుండానే అది ఎవరిదో చెప్పేవాడు. ఒకసారి బాపు తెచ్చిన ఢోలక్ మీద రెండు వేళ్లతో తట్టి, "దీన్ని ఎండల పెట్టినవ్ గదా పటేలా" అన్నాడు. బాపు నాలుక కరుచుకున్నాడు.

చాచాకు ఒక్కటే నియమం. గంట మోగాకే బండి కదలాలి. ఎంత పెద్దమనిషి బండైనా, వెనక ఎంతమంది హారన్లు కొట్టినా అంతే. "గంటంటె జబాన్" అనేవాడు. మాటిచ్చినట్టు అని.

నిజానికి ఆయన అన్నదే ఆ డ్రైవర్‌కూ నియమం. పెళ్లి పిలుపులు తెలుసు కదా మీకు. ఇంటికి వెళ్లి, గడపలో బొట్టుపెట్టి, కార్డు చేతికిస్తేనే పిలిచినట్టు. దారిలో కలిసిన ఎవరి చేతికో కార్డిచ్చి, ఇంటికొచ్చి "పిలిచేశాం" అంటే ఆ పెళ్లికి ఎవరూ రారు. డిస్కుకు రాసేటప్పుడూ అంతే. కొన్ని రాతలు ఖచ్చితంగా అక్కడ పడ్డాకే "అయింది" అని చెప్పాలి. కరెంటు పోయినా, తీగ తెగినా, ఆ మాట చెప్పిన తర్వాత ఆ రాత పోకూడదు. అందుకోసం ఆగాలి. డిస్కు నిదానమైనదైతే ఎక్కువసేపు ఆగాలి. కాంటా కంప్యూటర్‌లో పెట్టింది చవక రకం డిస్కు, చాలా నిదానం. దాని కోసం నేను రాసిచ్చిన డ్రైవర్ మొదట్లో ప్రతి తూకానికీ ఓపిగ్గా ఆగేది. కాబట్టి గంట కూడా ఆలస్యంగా మోగేది.

క్రషింగ్ జోరు మీద ఉన్న రోజులు. ట్రాలీల వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఎండకు చెరుకు ఎండుతుంటే రైతుకు ప్రాణం ఎండినట్టే ఉంటుంది. తిట్లు మొదలయ్యాయి. మేనేజర్ నన్ను పిలిపించి, గంట తొందరగా మోగేలా చేయమన్నాడు. డిస్కు మార్చమన్నాను. సీజన్ మధ్యలో కుదరదన్నాడు. నేను గదిలో కూర్చుని డ్రైవర్‌ను విప్పాను. వచ్చిన రాతను వచ్చినట్టే పంపి ఆగకుండా, కొన్నింటిని పోగుచేసి ఒక్కసారే డిస్కుకు పంపేలా మార్చాను. పైవాళ్లకు మాత్రం వెంటనే "అయింది" అని చెప్పించాను.

తప్పని తెలియదా? తెలుసు. చదువుకున్నదే అది. వేళ్లు ఆగాయి కూడా. ఇన్వర్టర్ ఉంది కదా, బ్యాటరీ ఉంది కదా, కరెంటు పోతే మాత్రం ఏమవుతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసు ఎంత తొందరగా లొంగుతుందో, లొంగాలనుకున్నప్పుడు.

మీట నొక్కగానే గంట మోగింది. వరుస కదిలింది. ట్రాక్టర్ల వాళ్లు నాకు "గంట సారు" అని పేరు పెట్టారు. ఎవరో చెరుకు రసం తెచ్చిచ్చారు. బాపు ట్రాలీ మీద కూర్చుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "గా గంట మా పోరడు జేసిందే" అని చెప్పుకున్నాడు. నా చదువు గురించి బాపు అంత గొంతెత్తి మాట్లాడింది అదే మొదటిసారి. ఖలీల్ చాచా ఒక్కడే కొంచెం వింతగా చూశాడు. "ఏం బేటా, గింత జల్ది ఎట్ల మోగుతున్నది?" అని అడిగాడు. "అంతా నా పనితనం చాచా" అన్నాను నవ్వుతూ. ఆయనా నవ్వాడు. నమ్మాడు.

కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఒక ట్రాక్టర్ కాంటా మీదే ఆగిపోయింది. తూకం అయింది, గంట మోగింది, ఇంజను మాత్రం స్టార్ట్ కాలేదు. బ్యాటరీ దిగిపోయింది. వెనక ఎంత వరుసో. మా దగ్గర అలాంటప్పుడు ఎవరైనా చేసేదే చాచా చేశాడు. కంప్యూటర్ గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ తీగలు ఊడదీసి, ఇద్దరితో బయటికి మోయించి, ట్రాక్టర్‌కు తగిలించి స్టార్ట్ చేయించాడు. తీసేముందు గంట మోగిందో లేదో చూసుకున్నాడు. మోగింది కాబట్టే తీశాడు. బ్యాటరీ ఇంకా బయట ఉండగానే ఊరి లైనులో కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక చూస్తే ఆఖరి బండి తూకం లేదు. దాని ముందువి కొన్ని కూడా లేవు. ఆ బండ్ల చెరుకు అప్పటికే లోపల దింపేశారు. నేను పోగుచేయించిన రాతలు డిస్కుకు చేరకుండానే ఆరిపోయాయి.

గొడవైంది. రైతులకు పాత బండ్లను బట్టి అందాజుగా తూకం వేసిచ్చి పంపారు, దానితో వాళ్లు సద్దుమణిగారు. మిగిలిన ప్రశ్న ఒక్కటే. తప్పెవరిది? కాంటా గది ముందు అందరూ పోగయ్యారు. మేనేజర్ నిజామాబాద్ నుంచి నన్ను పిలిపించాడు. నేను బండి దిగేసరికే నాకు అర్థమైపోయింది. ఏమైందో వాళ్లు చెప్పక ముందే.

"అన్నిటికి మోగింది సార్," అంటున్నాడు ఖలీల్ చాచా. "ఒక్కొక్క బండికి మోగినంకనే ఇడిసిన. ఆఖరి దానికి గూడ మోగింది. గీ చెవులతోని ఇన్న. గంట మోగినంకనే బ్యాటరీ తీసిన."

ట్రాక్టర్ల వాళ్లు కూడా మోగిందనే అన్నారు. తూకం పోయినవాళ్లు మోగిందనక ఏమంటారని మేనేజర్ కొట్టిపారేశాడు. నావైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. డిస్కుల రాత పడకుండ గంట మోగుతదా?"

జనంలో బాపు ఉన్నాడు. భుజం మీద తువ్వాలతో, నేను ఏం చెబుతానా అని, ఆ గంట నా కొడుకు చేసిందే అన్న ముఖంతోనే నిలబడి ఉన్నాడు. నేను బాపును చూశాను.

"మోగదు," అన్నాను.

ఖలీల్ చాచా నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఆయన నన్ను అనుమానించనే లేదు. చెయ్యి మెల్లగా ఎత్తి తన చెవిని ముట్టుకున్నాడు. "ఇంజినీరు సారు అన్నడంటె..." అని ఆగాడు. "అయితె నా చెవులే మోసం జేసినయ్ కావొచ్చు."

చిన్నప్పటి నుంచి నన్ను బేటా అని పిలిచిన మనిషి. ఆ రోజు మొదటిసారి సారు అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిస్తే చాలు. "ఆగండి, ఒక మాట" అంటే చాలు. ఎందుకు అనలేదు? పని పోతుందనా? ఆ ఫ్యాక్టరీ పని పోయినా నేను బతికేవాణ్ని. కేసు పెడతారనా? అంత దూరం పోదని నాకు తెలుసు. ఇన్నేళ్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను, వేరే కారణం దొరుకుతుందేమోనని. దొరకలేదు. బాపు ముఖంలో ఆ వెలుగు ఆరిపోవడం చూడలేకపోయాను. దానికి బదులు ఇంకొకరి ముఖంలో వెలుగు ఆర్పాను. ఆయన పరాయివాడు కదా అని లోపల ఎక్కడో అనుకున్నానా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను లేచి వేరే పని చూసుకుంటాను.

ఆ సాయంత్రమే డ్రైవర్‌ను మళ్లీ పాత పద్ధతికి మార్చాను. ఏదో తనిఖీ అని చెప్పి గదిలోకి వెళ్లి, ఎవరికీ తెలియకుండా. గంట మళ్లీ ఆలస్యంగా మోగడం మొదలైంది. చాచాను పనిలోంచి తీసేశారు. ఆయన స్థానంలో వచ్చిన కుర్రవాణ్ని ట్రాక్టర్ల వాళ్లు తిట్టేవాళ్లు, ఖలీల్ ఉన్నప్పుడు గంట తొందరగా మోగేదని. నేను వింటూ పక్కన నిలబడేవాణ్ని.

పని పోవడంతో ఆగి ఉంటే నేను ఏదో ఒకటి చేసి సరిపెట్టుకునేవాణ్నేమో. ఎక్కడో ఒకచోట పని ఇప్పించి, పాపం కడుక్కున్నానని చంకలు గుద్దుకునేవాణ్నేమో. కానీ చాచా ఢోలక్ పని మానేశాడు. ఆ సంగతి బాపే చెప్పాడు. సుతి కోసం వచ్చినవాళ్లను వెనక్కి పంపిస్తున్నాడట. "మోగనిది మోగినట్టు ఇనవడ్డది నాకు. గీ చెవులను నమ్మి మీ సుతి ఎట్ల కలపాలె?" అంటున్నాడట. నిజామాబాద్‌లో చెవుల డాక్టరుకు చూపించుకున్నాడట. డాక్టరు బాగానే ఉన్నాయని చెప్పినా నమ్మలేదట. డాక్టరు మాట కంటే నా మాట పెద్దదైంది ఆయనకు.

అది విన్నప్పుడు నేను అన్నం తింటున్నాను. ముద్ద కంచంలోనే వదిలేశాను. బాపు మాత్రం, "ఉస్తాద్ మనిషి. ఏమొచ్చిందో ఏమో," అని నిట్టూర్చి మజ్జిగ పోసుకున్నాడు.

నేను పోగొట్టింది తూకాలను మాత్రమే కాదు. అవి ఎలాగో సర్దుకున్నాయి. ఆయన చెవులను పోగొట్టాను. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆయనకు వచ్చిన చెవులు. ఒక్క మాటతో వాటి మీద ఆయనకే అనుమానం పుట్టించాను. ఆ తర్వాత బోధన్ వెళ్లినప్పుడల్లా వాళ్ల సందు రాకుండా వేరే దారిన తిరిగిపోయేవాణ్ని. ఎవరైనా ఢోలక్ అంటే చాలు, గుమ్మడికాయల దొంగ కథే నాది, చెయ్యి భుజం మీదికి పోయేది. నా పని మాత్రం పెరిగింది. కుర్రవాళ్లకు నేర్పేవాణ్ని కూడా. రాత పడ్డాకే "అయింది" అనాలి, అంతకు ముందు అనడం మోసం అని గట్టిగా చెప్పేవాణ్ని. చెప్పేవి నీతులు. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినబడేది.

మొన్న చలి రోజుల్లో బాపు తన ఢోలక్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఎవరెవరి దగ్గరో సుతి చేయించి విసిగిపోయాడు. "ఖలీల్ దగ్గరికి నువ్వు తీస్కపో. నీ మాట అయితె తీసెయ్యడు," అన్నాడు. నీ మాట అయితే. బాపుకు తెలియదు ఆ మాటలో ఏముందో. కాదని చెప్పడానికి సాకు దొరకలేదు. ఢోలక్‌ను సంచిలో పెట్టి బండికి కట్టుకున్నాను.

ఖలీల్ చాచా ఆ అరుగు మీదే ఉన్నాడు. ముసలివాడైపోయాడు. పనిముట్లేవీ చుట్టూ లేవు. నన్ను చూసి లేవబోయాడు, "రండి సారు" అన్నాడు. నేను సంచి విప్పకుండానే చెప్పేశాను. నిలబడే చెప్పాను. డ్రైవర్ గురించి, పోగుచేసిన రాతల గురించి. సగం ఆయనకు అర్థం కాలేదని తెలుస్తోంది. అందుకని చివరికి అసలు మాట ఒక్కటే చెప్పాను. "ఆ రోజు గంట మోగింది చాచా. అన్ని బండ్లకూ మోగింది. మీరు విన్నది నిజం. నేను చెప్పింది అబద్ధం."

ఆయన లోపలికి తిరిగి ఇంటావిడను పిలిచాడు. ఆమె కొంగు సర్దుకుంటూ గడపలోకి వచ్చింది.

"గిప్పుడు నాకు జెప్పింది గామెకు జెప్పండి సారు," అన్నాడు.

చెప్పాను. రెండోసారి మొదటిదానికంటే కష్టమైంది. ఆమె నన్ను చూడలేదు, ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించమని అడుగుదామని వెళ్లినవాణ్ని, ఆ మాట నోటి దాకా వచ్చి సిగ్గేసి ఆగిపోయింది. ఆయన నన్ను కూర్చోమనలేదు. చాయ్ తాగమనలేదు. ఆ ఇంటి నుంచి చాయ్ తాగకుండా నేను తిరిగి వచ్చింది అదొక్కరోజే. ఢోలక్ ఉన్న సంచి వైపు చూపించి, "మీ బాపుదేనా?" అని అడిగాడు. అవునన్నాను.

"నువ్వు తెస్తె జెయ్య," అన్నాడు. "పటేల్‌ను తెచ్చుకొమ్మను."

అర్థమైంది. ఆ రోజు జనంలో నిలబడి ఆ మాట విన్నవాళ్లలో ఇంకొకరికి నేను చెప్పాలి.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. బాపు అడ్డు రాకుండా అంతా విన్నాడు. నేను ఎదురు చూసిన కేకలు రాలేదు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "గప్పుడు నేను గాడనే ఉంటి," అన్నాడు. అంతే. నా వంక చూడలేదు. నేను ఏ ముఖాన్ని కాపాడుకోవాలని అంత పని చేశానో, ఆ ముఖం గోడ వైపు తిరిగి ఉంది.

మర్నాడు పొద్దున బాపు ఢోలక్‌ను భుజాన వేసుకుని బస్సెక్కి బోధన్ పోయాడు. నేను బండి తీస్తానన్నా ఆగలేదు. సాయంత్రం వచ్చాడు. ఖలీల్ చాచా ఏమన్నాడో చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పటికీ బాపు నాతో అవసరమైనంత వరకే మాట్లాడతాడు.

శనివారం భజన జరిగింది. నేను లోపలికి పోలేదు, బయట గోడ పక్కన నిలబడ్డాను. ఢోలక్ మొదలైంది. నాకు సుతి గురించి ఏమీ తెలియదు, అయినా తెలిసింది. లోపల ఎవరో వాయింపు మధ్యలోనే, "ఖలీల్ చెయ్యి పడ్డది గదా దీనికి" అన్నారు. బాపు వాయిస్తూనే ఉన్నాడు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. నన్ను ఎవరూ క్షమించలేదు. క్షమించాలని ఇప్పుడు అడగడం లేదు కూడా. గంట ఆ రోజు మోగింది. ఆ సంగతి ఆ రెండిళ్లలోనూ చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను.